బడి వాకిట్లో మిరప కల్లం

నా నోరు మంచిది కాదని మా ఊరంతటికీ తెలుసు. ఎవరేం చెప్పినా చివర "అయితే ఏంటంట?" అని అడగడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పెళ్లిచూపుల్లో మా ఆయన తరఫు పెద్దమనిషి "మావాడికి ట్రాక్టరు నడపడం వచ్చు" అని గొప్పగా చెప్పాడు. "అయితే ఏంటంట? ట్రాక్టరుందా?" అన్నాను తలుపు చాటు నుంచి. లేదు. ఇప్పటికీ లేదు. చర్చిలో పాస్టరు గారు ప్రసంగం అందుకోగానే మా ఆయన మోచెయ్యి నా పక్కటెముకల దగ్గర కాపలా కాస్తుంటుంది, నేను నోరు తెరిస్తే పొడవడానికి.

ఆరో తరగతి సగంలో నేను బడి మానేశాను. బడి నా మీద బెంగ పెట్టుకున్న దాఖలా ఏమీ లేదు. మళ్లీ ఇన్నేళ్లకు బడి గడప తొక్కింది గరిటె పట్టుకునే. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతాను. పిల్లలు నన్ను ఆయమ్మా అంటారు. నా వంటగదికీ, నాలుగో తరగతీ ఐదో తరగతీ కలిసి కూర్చునే గదికీ మధ్య ఒకే గోడ. ఆ గోడకు ఒక కిటికీ. కిటికీకి రెక్కలు లేవు. అందువల్ల బల్ల మీద కూర్చుని చదివిన చదువు కంటే సాంబారు తిప్పుతూ విన్న చదువే నాకు ఎక్కువ వంటబట్టింది.

ఒకరోజు పప్పు ఉడుకుతుండగా అవతల ఒక పిల్లాడు లేచి వ్యాసం చదువుతున్నాడు. ఆటల వలన ఉపయోగములు. "ఆటలు శరీరమునకు ఆరోగ్యమును, మనస్సునకు ఉల్లాసమును కలిగించును. క్రికెట్, హాకీ, టెన్నిస్ మొదలగు ఆటలు కలవు." వాడు కూర్చున్నాడు. పక్కన పిల్ల లేచింది. అవే మాటలు. ఆ తరవాతి పిల్లాడు లేచాడు. అవే మాటలు, అదే హాకీ. గైడు పుస్తకం ఒకటే అయినప్పుడు గొంతులు మారితే మాత్రం ఏం లాభం? నాకు ఉండబట్టలేదు. కిటికీలోకి తల పెట్టాను.

"ఒరేయ్, మన ఊళ్లో హాకీ ఎవడాడాడ్రా? అంత పొడుగు కర్ర దొరికితే మీ అమ్మ పొయ్యిలో పెట్టదూ?"

పిల్లలు గొల్లుమన్నారు. టీచరమ్మ నా వైపు తిరిగింది. ఆమె దర్శి నుంచి ఆ ఏడే మా ఊరికి బదిలీ మీద వచ్చింది. చిన్న వయసు, సన్నటి మనిషి. ఇంక నాకు అక్షింతలే అనుకున్నాను. ఆమె మాత్రం "అక్కా, ఇప్పుడన్నది ఇంకోసారి అనండి" అంది.

"ఏది, పొయ్యిలో పెట్టడమా?"

"కాదు. మన ఊళ్లో ఎవరాడారు అని అడిగారు చూడండి, అది." పిల్లల వైపు తిరిగి అడిగింది. "ఆయమ్మ ప్రశ్నకి మీ వ్యాసంలో జవాబుందా?"

ఎవరి వ్యాసంలోనూ లేదు.

సాయంత్రం నేను గిన్నెలు తోముతుంటే ఆమె వచ్చి పంపు గట్టు మీద కూర్చుంది. "వీళ్లకి రాయడం వచ్చక్కా. అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉంటాయి. కానీ ఒక మాట రాసి ఆగిపోతారు. మా ఊరు మంచిది. అంతే, చుక్క పెట్టేస్తారు. ఎందుకు మంచిదిరా అంటే, బాగుంటుంది కాబట్టి. మళ్లీ చుక్క. నేను ఎందుకు అని గుచ్చి అడిగితే తిడుతున్నాననుకుని బిక్కచచ్చిపోతున్నారు. మీరడిగితే నవ్వుతున్నారు. రేపటి నుంచి అన్నం దించాక లోపలికొచ్చి కూర్చోండి."

"నేనా? నన్ను బడి అనేదే ఒకసారి భరించలేకపోయింది టీచరమ్మా."

"మీరు కొత్తగా చెయ్యాల్సిందేమీ లేదు. టీ కొట్టు దగ్గర రోజూ చేసేదే ఇక్కడా చెయ్యండి."

నా గురించి ఊళ్లో బాగానే వాకబు చేసిందన్నమాట.

ఆమె పెట్టిన పద్ధతి ఇది. పిల్లాడు ఒక వాక్యం రాసి చదవాలి. వెనక కూర్చున్న నేను "అయితే ఏంటంట?" అని గానీ, "నీకెట్లా తెలుసు?" అని గానీ అడగాలి. ఆ పిల్లాడు నాకు నోటితో జవాబు చెప్పకూడదు. కూర్చుని, జవాబు తరవాతి వాక్యంగా రాసుకోవాలి. రాసి మళ్లీ చదవాలి. నేను మళ్లీ అడుగుతాను. నేను అడగడానికి ఏమీ లేక ఊరుకున్న రోజు వాడు గెలిచినట్టు. టీచరమ్మ బోర్డు మీద పెద్దక్షరాలతో రాసింది. ఆయమ్మ నోరు మూయించాలి. ఊరు మొత్తానికీ ఎన్నాళ్లుగానో ఉన్న కోరిక అది. మా ఆయనకి చెబితే తనూ వచ్చి బళ్లో చేరతానన్నాడు.

మొదటి రోజు బడి భోజనం గురించి రాయమంది. ముందు బెంచీలో బుద్ధిగా కనిపించే పిల్లాడు లేచాడు. "బడిలో అన్నం బాగుంటుంది."

"నీకెట్లా తెలుసు?"

రాశాడు. "నేను రోజూ తింటాను."

"అయితే ఏంటంట? ఆకలేస్తే ఏదైనా తింటావ్."

వాడు పెన్సిలు చివర కొరికాడు. రాసుకున్నాడు. లేచి, నా మొహం చూడకుండా చదివాడు. "బడిలో సాంబారు అందరికీ ఒకేలా ఉండదు. మునక్కాయ ముక్కలు గిన్నె అడుక్కి పోతాయి. ఆయమ్మ గరిటె అడుగుదాకా పెట్టదు. ముందు కూర్చున్నవాళ్లకి పులుసు వస్తుంది. గిన్నె వంచే వేళకి కూర్చున్నవాళ్లకి ముక్కలు వస్తాయి. నమ్మకపోతే మా కంచాల్లో నమిలిన పిప్పి చూడండి. అందుకే నేను చదువుకి ముందు కూర్చుంటాను, అన్నానికి చివర కూర్చుంటాను."

క్లాసంతా బల్లలు చరిచింది. మర్నాడు గరిటె గిన్నె అడుగు దాకా వెళ్లింది. కంచంలో ముక్క పడగానే ఒక్కొక్కడూ ఆ పిల్లాడి వైపు చూడటం, వాడు పెద్దమనిషిలా తల ఊపడం! రాసిన మాటకు గరిటె కదిలిందని వాళ్లకు తెలిసిపోయింది. ఆ తరవాత వాళ్లను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. మేకల మీద రాశారు, కరెంటు కోత మీద రాశారు, పత్తి తీసేటప్పుడు వేళ్లకి గుచ్చుకునే కాయ డొప్పల మీద రాశారు. ఒక పిల్ల అయితే వాళ్ల నాన్న గురక మీద రాసి, ఎట్లా తెలుసు అన్నందుకు ఇరుగూ పొరుగూ ఏమన్నారో పేర్లతో సహా చదివింది.

ఇంతలో మిరప కోతలొచ్చాయి.

మా ఊళ్లో ఒక ఆచారం ఉంది. కోసిన కాయ ఎండబెట్టుకోవడానికి చదునుగా, ఖాళీగా కనిపించిన నేల ఏదైనా కల్లమే. రోడ్డు పక్కన, చర్చి ముందు, గుడి వెనక, ఎక్కడ చోటుంటే అక్కడ పట్టా పరిచి కాయ పోస్తారు. బడి గ్రౌండు అన్నిటికంటే మేలు. చెట్ల నీడ లేదు, బండి వస్తుంది, పైగా ప్రహరీ మూడు వైపులే ఉంది. ముందు ఎవరి పట్టా పడితే వాళ్లదే చోటు. ఎవరూ ఎవర్నీ అడిగింది లేదు, ఎవరూ వద్దన్నదీ లేదు. గేటు నుంచి వరండా దాకా ఒక మనిషి నడిచే దారి మిగులుతుంది. దానికి అటూ ఇటూ అంతా ఎరుపే. పిల్లల ఆటలు మళ్లీ వేసవి సెలవులకే.

నా మటుకు నాకు ఆ ఆచారం బంగారం. మేము కౌలుకు చేసే చేను కాయ కూడా అక్కడే ఎండుతుంది, సరిగ్గా వంటగది పక్కన. అన్నం వార్చి వెళ్లి కాళ్లతో కాయ తిరగదిప్పి వచ్చి, పప్పు తాలింపు పెట్టుకోవచ్చు. ఏ రైతుకుంది అంత సుఖం?

ఆ సుఖానికి అడ్డం పడింది ఐదో తరగతి పిల్ల ఒకతె. పొట్టిది. జడ ఎప్పుడూ సగం ఊడే ఉంటుంది. ఖోఖోలో ఆ పిల్లను అంటుకోవడం తనకంటే పెద్ద మగపిల్లల వల్ల కూడా అయ్యేది కాదు. ఆ ఏడు దాటితే పక్కూరి హైస్కూలుకు వెళ్లిపోవాలి. పట్టాలు పడిన రోజు వరండా అంచున నిలబడి, ఏడుపు గొంతుతో కాదు, తగువు గొంతుతో టీచరమ్మను అడిగింది.

"ప్రతి ఏడూ ఇంతేనా టీచర్? నేనీ బళ్లో ఉండేది వేసవి దాకానే. ఇంక నేనెప్పుడు ఆడాలి?"

"నన్నడిగితే ఏం లాభం? గ్రౌండు ఎవరు వాడుకుంటున్నారో వాళ్లనే అడుగు. రాసి అడుగు."

టీచరమ్మ ఆ మాట అని ఊరుకోలేదు. టీ కొట్టు దగ్గరికి వెళ్లి, అందరికంటే పెద్ద పట్టా పరిచిన పెద్దాయనను, పిల్లలు రాసుకొచ్చింది చదివితే వింటారా అని నేరుగా అడిగింది. ఆయనకు మీసాలూ పెద్దవే, గొంతూ పెద్దదే. చెడ్డవాడు కాదు. పది మందిలో ఉంటే మాత్రం నాటకంలో వేషం కట్టినట్టుంటాడు.

"పిల్లలు కాగితం చదివితే మేం కాయలెత్తాలా?" అని నవ్వాడు. "సరే టీచరమ్మా. మమ్మల్ని ఒప్పిస్తే ఎత్తేస్తాం. ఒప్పించలేకపోయారనుకోండి, ఈ ఏడే కాదు, ఇంకెప్పుడూ బళ్లో ఆ మాట ఎత్తకూడదు. ఏం?"

"మాట మీద నిలబడతావా బాబాయ్?" అన్నాను నేను.

"నీ కాయలూ అక్కడే ఉన్నయ్ కదే! నువ్వెవరి పక్షం?"

"ఎవరు నా నోరు మూయిస్తే వాళ్ల పక్షం."

నవ్వుల్లో పందెం ఖాయమైపోయింది. ఓడితే ఆ పిల్ల ఒక్కదానికే కాదు, వెనకొచ్చే పిల్లలందరికీ గ్రౌండు పోయినట్టే.

పిల్లలు వారం రోజులు కష్టపడ్డారు. నేను గుచ్చి గుచ్చి అడిగాను, వాళ్లు గట్టి గట్టిగా రాశారు. మా కళ్లు మండుతున్నాయి. నీకెట్లా తెలుసు? ఎవరి కళ్లు, ఎప్పుడు, ఎంతసేపు, నీళ్లతో కడిగినా పోలేదని అన్నీ రాసుకొచ్చారు. నాకు ఎక్కడా సందు దొరకలేదు. టీచరమ్మకూ దొరకలేదు. శుక్రవారం మధ్యాహ్నం రైతులంతా వచ్చి వరండా గట్టు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. ఆ పిల్ల కాగితం పట్టుకుని నిలబడింది.

"మిరపకాయల ఘాటుకి మా కళ్లు మండుతున్నాయి. క్లాసులో అందరం తుమ్ముతున్నాం. నిన్న టీచర్ గారు లెక్కలు చెబుతూ తుమ్మి తుమ్మి, లెక్క ఎక్కడ ఆపారో మరిచిపోయారు. కళ్లు కడుక్కుంటే మంట ఇంకా ఎక్కువవుతోంది."

రైతుల మొహాలు చూస్తున్నాను. ఒక్కరి మొహంలోనూ బాధ లేదు. పైగా వెలిగిపోతున్నాయి. పెద్దాయన ముందుకు వంగాడు.

"ఏ పట్టా పక్కన కూర్చుంటే ఎక్కువ మండింది తల్లీ?"

అడిగిందానికి నిజం చెప్పడం నేర్చుకున్న పిల్ల కదా. "మీదే పెద్దయ్యా. జెండా కర్ర దగ్గరిది."

ఆయన చెయ్యి మీసం మీదికి వెళ్లింది. "విన్నారా? జెండా కర్ర దగ్గరిదంట!"

పక్కనున్న రైతుకు పౌరుషం వచ్చింది. "అంటే మావి మండట్లేదా?"

వెనకనుంచి ఒక పిల్లాడు ఓదార్చాడు. "మీవీ మండుతున్నయ్ మామయ్యా. కాకపోతే కాస్త తక్కువ."

"తక్కువేంట్రా? నువ్వు సరిగ్గా పీల్చి ఉండవు! రా, ఇప్పుడొచ్చి పీల్చు!"

ఇంక చెప్పేదేముంది. ఎవరి కాయ ఎంత ఘాటో తేల్చుకోవడానికి అందరూ గట్టు దిగి పట్టాల మీదికి పోయారు. మా వైపు మిరపకాయ మంట మీద ఫిర్యాదు చెయ్యడమంటే పెళ్లికొడుకు మరీ అందంగా ఉన్నాడని ఫిర్యాదు చెయ్యడమే. పెద్దాయన వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల తల నిమిరాడు. "వచ్చే వారం మళ్లీ చదవాలమ్మా. కాయ కొనేవాణ్ణి కూడా తీసుకొస్తా. ఇదే చదవాలి, ఒక్క ముక్క మారకూడదు!"

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. మిరప చేలల్లో పుట్టి పెరిగినదాన్ని, నాకైనా తట్టలేదు ఆ సంగతి. పిల్లలకూ తట్టలేదు. నవ్వుతూ నవ్వుతూ ఆ పిల్లను చూశాను. నవ్వు ఆగిపోయింది. కాగితం అలాగే రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది.

"మనం రాసింది నిజమే కదా టీచర్? ప్రతి మాటకీ చూసినవాళ్లున్నారు కదా?"

టీచరమ్మ ఆ పిల్ల పక్కన మెట్టు మీద కూర్చుంది. "అంతా నిజమే. కానీ అది మీకు కారణం, వాళ్లకి కాదు. మీరు మంట అంటే వాళ్లకి మెచ్చుకోలులా వినిపించింది. ఎవరికి రాస్తున్నామో మనం ఆలోచించలేదు. తప్పు నాది కూడా." నలిగిన కాగితం సాపు చేస్తూ అంది. "వచ్చే వారం మళ్లీ వస్తామన్నారుగా. మనకింకో అవకాశం ఉన్నట్టే."

మర్నాడు నేను బియ్యం చెరుగుతుంటే ఆ పిల్ల వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆయమ్మా, నువ్వు దేనికి భయపడతావ్?"

"మీ టీచరుకి."

"నిజం చెప్పు. నీ మిరపకాయల సంగతిలో."

చేట ఆపాను. "వానకి. పడమట మబ్బు కనిపించిందంటే అన్నం పొయ్యి మీదే వదిలేసి పరిగెత్తుతా. తడిస్తే కాయ నల్లబడుద్ది, బూజు పడుద్ది. ఇంక దాన్ని అడిగేవాడుండడు."

ఆ పిల్ల గిర్రున తిరిగి వెళ్లిపోయింది. నా మెడకు నేనే తాడు ఇచ్చానని అప్పుడు నాకు తెలియదు.

మధ్యాహ్నం క్లాసులో చదివింది. "అకాల వాన వస్తే గ్రౌండులో కాయలు తడుస్తాయి."

"అయితే ఏంటంట?" ఈసారి ఆట కోసం అడగలేదు నేను. నా కాయ కోసం అడిగాను. "వాన ఊరంతా పడుద్ది. ఎక్కడ పోసినా తడుస్తయ్. పైన పట్టా కప్పుతాం."

కూర్చుని రాసింది. లేచింది. "పట్టా పై నుంచి వచ్చే నీళ్లనే ఆపుతుంది. మా గ్రౌండులో నీళ్లు కింద నుంచి వస్తాయి."

"నీకెట్లా తెలుసు?"

క్లాసంతా ఒక్కసారి లేచి అరవడం మొదలుపెట్టింది. పడవలు టీచర్! మా పడవలు! టీచరమ్మ చెయ్యెత్తింది. "నోటితో కాదు. రాయండి. ఎవరు చూసింది వాళ్లు."

పెన్సిళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. గోడ లేని వైపు నుంచి రోడ్డు నీళ్లు లోపలికొస్తాయని ఒకడు రాశాడు. పంపు దగ్గర వదిలిన కాగితం పడవ ప్రతిసారీ జెండా కర్ర దగ్గరికే వెళ్లి ఆగుతుందని ఇంకొకతె. అక్కడే తన చెప్పు తేలిందని, బడి వదిలేదాకా అది అంచుకు రాలేదని మరొకడు. మునక్కాయల పిల్లాడు కప్పల మీద రాశాడు.

"కప్పలెందుకురా? కాయలకి కప్పలేం చేస్తయ్?" అన్నాను.

"కప్పలుండాల్సిందే" అని వాడు మొండికేశాడు.

టీచరమ్మ వాడి పక్కన వంగింది. "ఉంచుదాం. అయితే అవి అక్కడెందుకున్నాయో నువ్వే చెప్పాలి. నువ్వేం చూశావ్?"

వాడు ఆలోచించి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని రాశాడు. "జెండా కర్ర దగ్గర గుంటలో తోకలున్న కప్ప పిల్లలు పుట్టాయి. వాటికి కాళ్లొచ్చి, తోకలు పోయేదాకా ఆ నీళ్లు ఇంకలేదు."

పట్టా కింద అన్నాళ్లు నీళ్లు నిలిస్తే కాయ ఏమవుతుందో నాకు వేరే చెప్పాలా? కానీ అంత తేలిగ్గా లొంగితే నా నోటి పరువేం కావాలి?

"సరే. గ్రౌండు పల్లమే, ఒప్పుకున్నా. అయితే ఎక్కడ పోసుకోమంటావ్? నెత్తి మీదా?"

ఎవరి పెన్సిలూ కదల్లేదు. అది గేలి ప్రశ్న కాదని వాళ్లకూ తెలిసింది. అప్పుడు మూలనుంచి ఎప్పుడూ పెద్దగా మాట్లాడని పిల్లాడు లేచాడు. వాళ్ల తాత ఊరి బయట వెంచర్లో కాపలా. రాజధాని వైపు రేట్లు పెరిగాయని ఎవరో మా దాకా వచ్చి, చేను కొని, గ్రావెల్ తోలి ఎత్తు చేసి, ప్లాట్లకు రాళ్లు పాతి, పెద్ద ఆర్చీ కట్టి వెళ్లారు. ఆర్చీ కింద నుంచి వెళ్లేవి గేదెలే.

"అక్కడ వాన పడితే నీళ్లు నిలవవు. మా తాత మంచం కింద కూడా పొడిగానే ఉంటుంది" అన్నాడు.

"రాయి" అన్నారు అందరూ.

రాశాడు. అక్కడితో ఆగకుండా సాయంత్రం తాతను పట్టుకుని ఓనరుకు ఫోన్ చేయించాడు. ఓనరు ఏమన్నాడో కూడా మర్నాడు రాసుకొచ్చాడు. "పోసుకోమనండి. ఆ వంకనైనా ఎవరో ఒకరు మా ప్లాట్ల వైపు చూస్తారు."

ఆ పిల్ల అందరి వాక్యాలూ ముందేసుకుని, ఏది ముందు రావాలో, ఏది వెనక రావాలో సర్దింది. నీళ్లు ఎక్కడ నుంచి వస్తాయి, ఎటు పోతాయి, ఎక్కడ నిలుస్తాయి, ఎన్నాళ్లు నిలుస్తాయి, ఎవరెవరు చూశారు, మరి కాయలు ఎక్కడ పోసుకోవాలి. చివరిదాకా చదివి నా వైపు చూసింది. క్లాసంతా వెనక్కి తిరిగి నా వైపు చూసింది. కిటికీలోంచి ఎర్రగా నిగనిగలాడుతున్న నా కాయ కనిపిస్తోంది. వంటగది పక్కనే, అంత చేరువలో.

నాకు అడగడానికేమీ లేదు. వాళ్లు నా నోరు మూయించారు. ఆ చప్పట్లకు వంటగదిలో పిల్లి కూడా పారిపోయింది.

అయినా అసలు నెగ్గాల్సింది బయటివాళ్ల దగ్గర. శుక్రవారం పెద్దాయన మొహం కడుక్కుని, తెల్ల చొక్కా వేసుకుని అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు, పొగడ్తలు వినడానికి. కాయ కొనేవాడు రాలేదు, అదే నయం. ఆ పిల్ల నిలబడి చదవడం మొదలుపెట్టింది. రోడ్డు నీళ్లు గ్రౌండులోకి వచ్చే చోట రైతుల నవ్వులు తగ్గాయి. పడవ జెండా కర్ర దగ్గర ఆగేసరికి ఒకాయన తన పట్టా వైపు తిరిగి చూసుకున్నాడు. కప్ప పిల్లలకు తోకలు పోయేసరికి ఎవరూ కాళ్లు ఊపడం లేదు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఇదంతా ఎప్పుడో తుపానప్పటి మాటలే పిల్లా. మామూలు వానకి ఇక్కడ నీళ్లు నిలవ్వు. పుట్టినకాడ్నుంచి చూస్తున్నా, నాకు తెలవదా?"

ఈ ప్రశ్న నేను అడగలేదు. కాగితంలో దీనికి జవాబు లేదు. టీచరమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. ఆ పిల్ల కాగితం మడిచి చంకలో పెట్టుకుంది.

"అయితే పెద్దయ్యా, పంపు దగ్గర ఒక బిందె నీళ్లు పోయమంటారా? ఎటు పోతాయో అందరం చూద్దాం."

ఆ పిల్ల మాట పూర్తి కాకముందే మునక్కాయల పిల్లాడు నా వంటగదిలోని బిందె ఎత్తుకుని పంపు దగ్గరికి పరిగెత్తాడు. పంపు కొట్టడం కూడా మొదలుపెట్టాడు. బిందెలో నీళ్లు పడుతున్న చప్పుడు అందరికీ వినిపిస్తోంది. పెద్దాయన గట్టు మీద నుంచి ఒక్క దూకు దూకాడు.

"ఒరేయ్ ఒరేయ్! ఆగరా! వద్దొద్దు, పొయ్యొద్దు!"

"ఎందుకొద్దు పెద్దయ్యా?" ఆ పిల్ల గొంతులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. "నీళ్లు మీ కాయల వైపు రావు కదా?"

ఆయన చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. ముందుగా నవ్వింది, కాయ ఘాటు తక్కువని మొన్న అవమానపడిన రైతు. "దొరికిపోయావ్ బావా!" అన్నాడు. ఇంక గట్టు మీద ఒక్కరు మిగలకుండా నవ్వారు. నేనైతే స్తంభం పట్టుకుని నవ్వాను. పెద్దాయన మీసం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఏ వైపు తిప్పినా లాభం లేకపోయింది. చివరికి తనే నవ్వేశాడు.

"సరే గానీ, వీటిని తీసి ఎక్కడ పోసుకోమంటావ్? అది రాశావా?"

"రాశాం. రెండో వైపుంది" అని కాగితం మళ్లీ విప్పింది.

వెంచర్ సంగతి విన్నాక ఆయన తక్కిన రైతుల వైపు చూశాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. "ఎత్తేద్దాం పదండి. మాటంటే మాటే" అన్నాడు. పిల్లల కేకలకు చర్చి వరండాలో నిద్రపోతున్న కుక్కలు కూడా లేచాయి. టీచరమ్మ మొహం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. మిరప ఘాటు అంది. నేనేమీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ట్రాక్టర్లొచ్చాయి. మా కాయ మేమిద్దరం గోతాల్లోకి ఎత్తుతుంటే మా ఆయన నడుం పట్టుకుని అన్నాడు. "ఇన్నేళ్లకి నీ నోటికో పని దొరికిందని సంతోషించా. ఆ పని మన కాయలే ఎత్తిస్తదనుకోలా."

"మాట్లాడకుండా గోతం పట్టు. మాట్లాడితే నీ మీద వ్యాసం రాయిస్తా."

ఆ ఏడు అకాల వాన రానేలేదు. "చుక్క పడలేదు కదే!" అని టీ కొట్టు దగ్గర పెద్దాయన నన్ను ఎన్నిసార్లు దెప్పాడో. కానీ గ్రౌండుకు మాత్రం తిరిగి రాలేదు. గ్రావెల్ వేడికి కాయ తొందరగా ఎండుతోందని, ఆ కిటుకు కనిపెట్టింది తనేనని చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ. నాకు మాత్రం అన్నం దించి, ఎండలో ఆ వెంచర్ దాకా నడిచి, కాయ తిరగదిప్పి రావడం పనైంది. కాళ్లు పీకుతాయి. పిల్లలతో ఆ మాట అననులెండి, దాని మీదా రాస్తారు.

పట్టాలు లేచిన రోజు మధ్యాహ్నం ఆడవాళ్లం కలిసి గ్రౌండంతా ఊడ్చాం. ఎంత ఊడ్చినా నేల మీద విత్తులు, తొక్కలు, ఎర్రటి దుమ్ము. పిల్లలు ఆగలేదు. ఖోఖోకు గీతలు గీసేశారు. లెక్కపెట్టుకుంటే కూర్చునే వరసలో ఒకరు తక్కువ. ఆ పిల్ల నా వైపు చూసింది.

"నేనా? ఈ ఒళ్లేసుకునా?"

"కూర్చోవడమే కదా ఆయమ్మా."

చీర కుచ్చిళ్లు దోపుకుని వరసలో కూర్చున్నాను. దుమ్ము లేచింది. అందరం తుమ్ముతున్నాం. టీచరమ్మ వరండాలో నిలబడి ఈల ఊదింది. నా వెనక కాళ్ల చప్పుడు, కేకలు, ఎవరో పడటం, లేవడం వినిపిస్తున్నాయి. ఆ పిల్ల సగం ఊడిన జడ గాలికి ఎగరేసుకుంటూ తరుముకొస్తోంది. ఉన్నట్టుండి నా వీపు మీద ఫెళ్లున ఒక్క చరుపు పడింది.

"ఖో!"

లేచాను. పరిగెత్తాను.